ఆండాలు కట్టిన మూల

ఎండాకాలం మధ్యాహ్నం, పెద్దలందరూ పనుల మీద పోయిన వేళ, ఎల్‌బీ నగర్ దాటాక గుట్ట వారన ఉన్న గుడిసెలకు నిప్పంటుకుంది. ఎవరి పొయ్యిలోంచి రవ్వ లేచిందో తేలలేదు. గాలి జోరుగా ఉంది. గుడిసెకూ గుడిసెకూ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కడుతున్న ఒక డాబా మీదికి తట్టతో సిమెంటు మాలు మోస్తున్న ఆండాలు, తూర్పు దిక్కున నల్లటి పొగ చూసి తట్ట అక్కడే పడేసి దిగింది. సగం దూరం పరుగెత్తింది, సగం దూరం ఇటుకల లారీ ఎక్కి వచ్చింది. వచ్చేసరికి పిల్లలిద్దరూ గుట్ట మీద బండ నీడన కూర్చుని ఉన్నారు. పక్క గుడిసె ముసలి కిష్టమ్మ వాళ్ల చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. తన మోచేతి దగ్గర చర్మం కాలి ఊడి వేలాడుతున్నా వదలలేదు. ప్రాణాలు దక్కాయి. మిగిలినవేవీ దక్కలేదు.

ఆండాలుది పోచంపల్లి దగ్గరి పల్లె. మగ్గం మీద బతుకు గడవక మొగుడు బిక్షపతితో కలిసి పట్నం వచ్చింది. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టే పనికి కుదిరాడు. ఆమె కూలికి పోయేది. అది ఆ దారి పొడవునా కాలనీలు లేస్తున్న కాలం. ద్రాక్ష పందిళ్లు పీకి ప్లాట్లు చేశారు. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, ఊళ్లో భూములమ్ముకున్న పటేళ్ల కొడుకులు, ఎవరికి వాళ్లు పునాదులు తవ్విస్తున్నారు. కాలిపోయిన గుడిసెల్లో ఉండేది ఎవరంటే, ఆ ఇళ్లన్నిటికీ ఇటుక, ఇసుక మోసి పెట్టేవాళ్లే.

నిప్పు ఆరిన తర్వాత సర్కారు కదిలింది. ముందు చాపలు, బియ్యం వచ్చాయి. తర్వాత కలెక్టరాఫీసు వాళ్లు వచ్చి కొలతలు తీశారు. అదే గుట్ట వారన, కాస్త మెరక మీద, ఒక్కో కుటుంబానికి పట్టా ఇచ్చి పక్కా ఇల్లు మంజూరు చేశారు. కొంత సొమ్ము ఉచితం, కొంత అప్పు. సిమెంటు, ఇనుము సర్కారు గోదాం నుంచే ఇస్తారు. పైకం మాత్రం పని జరిగినకొద్దీ వస్తుంది: పునాది లేస్తే ఒక కిస్తు, గోడలు లేస్తే ఇంకో కిస్తు, స్లాబు పడితే చివరిది. పని ఆగితే పైకమూ ఆగుతుంది.

ఈ పనులు చూసేందుకు రామారావు అనే ఇంజనీరును వేశారు. గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి, స్కూటర్ మీద వచ్చేవాడు. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది మీ ఇల్లమ్మా. డబ్బు ప్రభుత్వానిది, కట్టుకోవాల్సింది మీరు. మేస్త్రీని మీరే మాట్లాడుకోండి. నేను వచ్చి పని చూస్తాను. బాగుంటే సంతకం పెడతాను, బాగోకపోతే పెట్టను. తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

మేస్త్రీగా హనుమాండ్లును మాట్లాడుకున్నారు. బాలాపూర్ అతను. ఆండాలు ఏళ్ల తరబడి మాలు అందించింది ఇతనికే. వానాకాలం ముగిసేలోపు రాతి పునాదులన్నీ లేచాయి. మొదటి కిస్తు చేతికొచ్చింది. ఇక గోడలు మొదలుపెట్టాలనగా, ఒక పొద్దున హనుమాండ్లు రాలేదు. అతని మనుషులూ రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ అడ్డాకు పోయి ఆండాలు అతన్ని పట్టుకుంది. పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే చోటు అది. చాయ్ కొట్టు ముందు హనుమాండ్లు బీడీ వెలిగించుకుంటున్నాడు.

"ఏందన్నా, గిట్ల చేస్తివి? గోడలు మొదలువెట్టకుండనే పోతివి?"

"ఏం చేయమంటవ్ చెల్లె? కొత్త కాలనీల ఒక సేటు ఒక్కపారే పదిండ్లు కట్టిస్తుండు. సర్కారు రేటుకు రెండింతలు ఇస్తుండు. నా ఎంబడి ఉన్నోళ్లు ఆగుతరా?"

"మాకు మాటిచ్చినవ్ గద."

"ఇచ్చిన. లేదంటలేను. ఆ సేటు పనైనంక ఒస్త."

"ఎప్పుడైతది?"

"ఎండాకాలం అయితది."

"గప్పటిదాంక సిమెంటు బస్తాలల్లనే గడ్డకడ్తది. మార్చి పోతే పైసలు వాపస్ పోతయంట. ఇంజనీరు సారు చెప్పిండు."

హనుమాండ్లు పొగ వదిలి నవ్వాడు. చెడ్డ మనిషి కాడు, కానీ నాలుక మీద అదుపు లేదు. "గట్లయితే నువ్వే కట్టుకో. గిన్నేండ్లు నా పక్కన నిలబడ్డవ్, సూస్తనే ఉన్నవ్ గద. సూసినంత మాత్రాన వచ్చేదుంటే ఎవలన్న కడుతరు."

చుట్టూ ఉన్న మగాళ్లు నవ్వారు. ఆండాలు నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. బస్సెక్కి వస్తున్నంతసేపూ ఆ మాటే ఆలోచించింది. చూస్తూనే ఉన్న మాట నిజం. కట్టలేకపోవడానికి కారణమేమిటి? తాపీ చేతికి ఇవ్వకపోవడమే కదా.

ఆదివారం నాడు తాపీ కొనుక్కొచ్చింది. పక్క ప్లాటు రాధమ్మ మాలు కలిపింది. రాధమ్మ ఆండాలు కంటే చిన్నది, మొగుడు లారీ మీద పోతే వారాలకు గానీ రాడు, ఏ పనికైనా "పా అక్కా" అని ముందే లేచేది. ఇద్దరూ కలిసి ఆండాలు ఇంటి వెనక గోడ మొదలుపెట్టారు. సాయంత్రానికి గోడ ఛాతీ ఎత్తు లేచింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూశారు. కిష్టమ్మ కాలి మానిన చేత్తోనే గోడను తడిమి, "మంచిగనే ఉన్నది బిడ్డా" అంది. బిక్షపతి దుకాణం నుంచి వచ్చి చూసి నమ్మలేకపోయాడు.

రెండ్రోజుల తర్వాత రామారావు వచ్చాడు. స్కూటర్ దిగుతూనే గోడ వైపు చూసి, "ఎవరు కట్టారు?" అన్నాడు.

"నేనే సారూ" అంది ఆండాలు. కొంచెం గర్వంగానే అంది.

అతను దారానికి కట్టిన ఇనప గుండును సంచిలోంచి తీసి గోడ పక్కన వేలాడదీశాడు. గుండుకూ గోడకూ మధ్య పైన వేలు దూరలేదు, కింద అరచెయ్యి దూరింది. తర్వాత పై వరసలో ఒక ఇటుకను పట్టుకుని ఊపాడు. ఊడి చేతిలోకి వచ్చింది. దానికి అంటిన మాలు పిండిలా రాలింది.

"ఇటుకలు తడిపారా?"

"కొన్ని తడిపినం."

"తడపని ఇటుక సిమెంట్లో ఉన్న నీళ్లు తాగేస్తుంది. పట్టు ఉండదు. ఇదిగో చూడండి, కింద ఇటుకల సందు మీదే పై ఇటుకల సందు కూడా వచ్చింది. పై నుంచి కింద దాకా ఒకటే చీలిక. ఇది గోడ కాదమ్మా, పేర్చిన ఇటుకలు. పడగొట్టండి."

ఆండాలుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పొద్దుందాక కష్టపడ్డం సారూ. కూలి పోగొట్టుకొని కట్టినం."

"తెలుసు. మీ కష్టం చూసి సంతకం పెట్టాననుకోండి. రేపు దీని మీద స్లాబు బరువు పడుతుంది. నిప్పులోంచి బయటపడ్డ పిల్లల్ని గోడ కింద పడుకోబెడతారా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. గడ్డపార తెచ్చి గోడ నడుమ ఒక్క పోటు పొడిచింది. ఇంకో పోటు అవసరం లేకుండానే గోడ మొత్తం అటు వైపుకు ఒరిగి కూలిపోయింది. దుమ్ము లేచింది. రాధమ్మ "అయ్యో" అని అరిచింది. ఆండాలు గడ్డపార పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గోడ పోయినందుకు కాదు. అంత తేలిగ్గా పడిపోయిందే, అందుకు. ఆదివారం సాయంత్రం పిల్లవాడు ఆ గోడ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

స్కూటర్ దాకా వెంట పోయి అడిగింది. "సారూ, గోడ తప్పని చెప్తిరి. ఎట్ల కట్టాల్నో చెప్పే మనిషిని ఇస్తరా?"

రామారావు కిక్కు కొట్టబోయి ఆగాడు. "నేర్చుకుంటారా?"

"మేస్త్రీలు రారు. వచ్చేదాంక సిమెంటు ఆగదు. మేం నేర్చుకోకుంటే ఎవరు కడుతరు?"

అతనికి ఆఫీసులో ఖర్చు కాకుండా ఉన్న ఒక పద్దు గుర్తొచ్చింది. "సోమవారం ఆఫీసుకు రండి. ఒక్కరే కాదు, పని మీద మనసున్న వాళ్లందరినీ తీసుకురండి."

సోమవారం ఆడవాళ్లంతా కలిసి బస్సెక్కి పోయారు. ఆఫీసు వరండాలో వాళ్లను చూసి బంట్రోతు ధర్నా అనుకున్నాడు. రామారావు వాళ్లను లోపలికి తీసుకుపోయి పెద్ద ఇంజనీరు ముందు నిలబెట్టాడు. సంగతేమిటంటే, తాపీ పని నేర్పడానికి సర్కారు ఏటా కొంత సొమ్ము ఇస్తోంది. నేర్చుకునే వాళ్లకు రోజు భత్యం, నేర్పే మేస్త్రీకి జీతం. కాలనీల్లో బయట కూలి బాగా గిడుతుంటే నేర్చుకోవడానికి ఎవరొస్తారు? సొమ్ము ఖర్చు కాకుండానే వెనక్కి పోతోంది.

పెద్ద ఇంజనీరు తల నెరిసిన మనిషి. కళ్లద్దాలు సర్దుకుని అందరినీ చూశాడు. "ఆడవాళ్లకు ఇవ్వచ్చని ఎక్కడుందయ్యా?" అన్నాడు రామారావుతో.

"ఇవ్వకూడదని ఎక్కడా లేదండి. నేర్చుకోగోరేవారు అని మాత్రమే ఉంది."

"గోడ పడితే ఎవరిది బాధ్యత? నీదా, నాదా?"

రామారావు నోరు తెరిచేలోపే ఆండాలు అందుకుంది. "గోడ కింద పండేది నా పిల్లలే గద సారూ. మీకంటె నాకే ఎక్కువ బయం. గందుకే నేర్పమంటున్న."

పెద్ద ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, కలం తీశాడు. "చివరి కిస్తు ముందు నేనే వచ్చి చూస్తాను. ప్రతి గోడా చూస్తాను" అన్నాడు సంతకం పెడుతూ.

ఇంట్లో బిక్షపతి మొదట ఒప్పుకోలేదు. ఇల్లంటే అప్పటికి రేకుల చాటు. "దినాం కూలి పోతది. జనం ఏమనుకుంటరు? ఆడది కట్టెల సారువ ఎక్కి గోడ కడుతుందంటే నవ్వరా?"

"సారువ మీదికి మాలు మోసుకుంట ఎక్కంగ ఎన్నడు నవ్వలే. తాపీ పట్టుకుంటె నవ్వుతరా? నవ్వనీ. భత్యం ఇస్తరు, కూలి పోదు."

"నడుము నొప్పి అంటివి మొన్న."

"తట్ట దించినంక తగ్గుతది" అంది ఆమె. అతనికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. మర్నాటి నుంచి పిల్లలకు బువ్వ తినిపించి బడికి పంపాకే దుకాణానికి బయల్దేరేవాడు.

నేర్పడానికి వచ్చింది ఎవరో కాదు, హనుమాండ్లే. సేటు పనిలో సారువ ఎక్కి దిగి మోకాలు వాచింది. కింద నిలబడి చేసే పని, నెల తిరిగేసరికి జీతం, అదీ సర్కారు జీతం అనేసరికి వచ్చాడు. వచ్చాడు గానీ మొహం మాత్రం ముడుచుకునే ఉన్నాడు.

మొదటి వారాలు ఇటుకలు తడపడం, ఇసుక జల్లించడం, మాలు పాళ్లు, గోడకు నీళ్లు పట్టడం చెప్పాడు. తర్వాత తాపీ పట్టనిచ్చాడు. మూలల మధ్య దారం లాగి కట్టి, ఆ దారం వెంబడి ఇటుకలు పరచమనేవాడు. ఆ పని ఆడవాళ్లకు తొందరగానే వచ్చింది. పడుగు దారం బిగువు చూసి పెరిగిన ఆండాలుకైతే దారం ఎక్కడ జారిందో చెప్పక్కర్లేదు. కానీ మూలలు మాత్రం హనుమాండ్లే కట్టేవాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, వాళ్లు చేరేసరికి మూలలు లేపి, "ఇగ నడుమ నింపుండ్రి" అనేవాడు.

కొన్నాళ్లు చూసి ఆండాలు అడిగింది. "అన్నా, మూల ఎట్ల లేపాల్నో చెప్తలేవు."

"దాని సంగతి నీకెందుకు? నేనున్న గద."

"ఇన్నిండ్లకు ఒక్కనివే మూలలు లేపితె మార్చికి అయితయా?"

"మూల నేర్పితె మేస్త్రీకి ఏం మిగులుతది ఆండాలు?" అన్నాడతను. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

ఆ సాయంత్రం అందరూ పోయాక ఆమె మాలు లేకుండా వట్టి ఇటుకలతో ఒక మూల పేర్చింది. మరుసటి సాయంత్రం అది తీసేసి ఇంకోటి పేర్చింది. హనుమాండ్లు పోతూ పోతూ ఓరకంట చూసేవాడు. మూడోసారి చూసినప్పుడు ఆగిపోయాడు. తప్పు కనబడితే ఊరుకోలేని చెయ్యి అతనిది.

"గది వంకర."

"ఏది?"

"గా కింది ఇటుక. అడ్డం పెట్టాల్సింది నిలువు పెట్టినవ్. పైకి పోయినకొద్ది నీ మూల తెరుచుకుంటది."

"గిట్లనా?"

"గట్ల గాదు, జరుగు." వాచిన మోకాలితోనే కూలబడి ఇటుకలన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి పేర్చాడు. ఒక వరస ఇటు తిరిగితే రెండో వరస అటు తిరగాలి, ప్రతి వరసకూ గుండు వేలాడదీయాలి, మట్టం చూడాలి, మూలమట్టం పెట్టి రెండు గోడలూ లంబంగా కలిశాయో లేదో చూసుకోవాలి. చెబుతూ చెబుతూ పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. లేచేటప్పుడు చేతులు దులుపుకుని, "రేపు నీ ఇంటి మూల నువ్వే కట్టు. నేను పక్కన నిలబడుత" అన్నాడు.

అలా ఆండాలు మూల కట్టింది. ఆమె నుంచి రాధమ్మ, రాధమ్మను చూసి మరికొందరు నేర్చుకున్నారు. చలికాలం వచ్చేసరికి గుట్ట వారన గోడలు వరసగా లేచాయి. దారిన పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవారు. సారువల మీద చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని తాపీలు పట్టుకున్న ఆడవాళ్లు కొత్త మరి.

సంక్రాంతి పోయాక, వేళగాని వేళ రెండ్రోజులు వాన కురిసింది. తెరిపిచ్చాక ఆండాలు గోడలన్నీ చూసుకుంటూ వచ్చి రాధమ్మ ఇంటి దగ్గర ఆగింది. ఇంటి వెనక మూలలో, కిటికీ పక్కన, జుట్టంత సన్నగా ఒక పగులు. చెయ్యి పెట్టి చూసింది. గుండు వేలాడదీసింది. మూల బయటకు తోసుకొచ్చింది. ఆ మూల కట్టిన రోజు రాధమ్మ తొందరలో ఉంది. చాలా రోజులకు మొగుడొచ్చాడని పని త్వరగా ముగించుకుని పోయింది.

"రాధా, ఇది తీసెయ్యాలె."

రాధమ్మ మొహం పాలిపోయింది. "ఏం కాదక్కా. మీద సిమెంటు పూస్తె కనవడది. ఇంజనీరు సారు అన్ని మూలలు సూడడు."

"సారు సూడడు. స్లాబు సూస్తది."

"ఇంక రెండు నెలలే ఉన్నయి. అందరియి అయితయి, నాదొక్కటే మిగులుతది. నా కిస్తు పోతె నువ్వు ఇస్తవా?" రాధమ్మ గొంతు పెరిగింది. "నువ్వు నేర్పినవని పెద్దరికం చేస్తున్నవ్. నీ ఇంటి మూల అయితె గిట్లనే చెప్తువా?"

"నా ఇంటి గోడ నేనే గడ్డపారతోటి పొడిచిన. నువ్వు పక్కనే ఉంటివి."

రాధమ్మ లోపలికి పోయి కూర్చుంది. ఊరుకుంటే ఏం పోయింది అని ఆండాలుకు కూడా ఒక క్షణం అనిపించింది. రాధమ్మతో మాటలు లేకుండా ఆ వాడలో ఒక్క రోజు గడవదు ఆమెకు. కానీ ఆ మూల పక్కనే రాధమ్మ చిన్నబిడ్డ ఉయ్యాల కట్టడానికి కొక్కెం పెట్టుకుంది. దాన్ని చూశాక ఇక వెనక్కి తిరగలేకపోయింది.

పొద్దున్నే ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని రాధమ్మ ఇంటి ముందు దించింది. తాపీ పట్టాక ఆమె మళ్లీ తట్ట ఎత్తడం అదే మొదలు. రెండో తట్ట తెచ్చింది. మూడోది తెచ్చేసరికి రాధమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు నడుము నొప్పి గద అక్కా."

"ఉన్నది. నువ్వు మూల తీస్తె నేను మాలు కలుపుత. కట్టేది నువ్వే. నేను కట్ట."

రాధమ్మ గడ్డపార తీసుకుంది. పొడుస్తున్నప్పుడు ఏడ్చింది, ఇటుకలు గీకి పక్కన పెడుతున్నప్పుడు ఏడుపు ఆగింది, మొదటి వరస పెట్టేటప్పటికి తనే గుండు అడిగింది. సంగతి తెలిసి మిగతా ఆడవాళ్లు వచ్చి నీళ్లు పోశారు, ఇసుక అందించారు. హనుమాండ్లు ఒక రాయి మీద కూర్చుని చూస్తూ ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు.

స్లాబులు ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఇనుము కట్టాక రామారావు ప్రతి ముడీ వంగి చూశాడు, కింద పెట్టిన కర్రలను ఒక్కొక్కటిగా కాలితో తన్ని చూశాడు. హనుమాండ్లు పాత మనుషులు, సేటు పనిలో ఉన్నవాళ్లు, ఆదివారాలు వచ్చి సాయం పట్టారు. కింద నుంచి పైదాకా ఆడవాళ్లు వరసకట్టి కంకర మాలు చేతులు మార్చుకుంటూ అందించారు. బిక్షపతి దుకాణం సేటును అడిగి సెలవు పెట్టి ఆ వరసలో నిలబడ్డాడు. మడత నలగని చొక్కా వేసుకునే మనిషి, సాయంత్రానికి కనుబొమ్మల దాకా సిమెంటయ్యాడు.

పెద్ద ఇంజనీరు అన్నమాట ప్రకారం వచ్చాడు. ప్రతి గోడా చూశాడు. రాధమ్మ ఇంటి వెనక మూల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు, ఎందుకంటే అక్కడి సిమెంటు రంగు కొత్తగా ఉంది.

"ఇక్కడేం జరిగింది?"

రాధమ్మ ఆండాలు వైపు చూడలేదు. "తప్పు కట్టిన సారూ. తీసి మళ్ల కట్టిన."

"ఎవరు తీయమన్నారు? రామారావా?"

"లేదు సారూ. మాకే మనసొప్పలే."

ఆయన గుండు వేలాడదీసి చూశాడు. రామారావు వైపు తిరిగి, "ఇలాంటి బ్యాచి ఇంకోటి పెట్టవయ్యా. వచ్చే ఏడు ఈ పద్దు కింద రెండింతలు అడుగుదాం" అన్నాడు. మార్చి పోకముందే చివరి కిస్తు వచ్చింది. ఒక్క రూపాయి వెనక్కి పోలేదని రామారావు స్కూటర్ మీద వచ్చి ప్రతి గుమ్మం ముందూ ఆగి మరీ చెప్పి పోయాడు. కిష్టమ్మ మచ్చ పడ్డ చేత్తో అతనికి చాయ్ ఇచ్చి, "మా ఇంట్ల తాగాలె, బయట నిలవడి తాగుడు గాదు" అని లోపలికి పిలిచి స్లాబు కింద కూర్చోబెట్టింది.

ఆ తర్వాత కూడా ఆండాలు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ అడ్డాకే పోయేది. కాకపోతే ఇప్పుడు మేస్త్రీలు నిలబడే వైపు నిలబడేది. మొదట్లో ఎవరూ పిలిచేవారు కాదు. చూసేవారు, నవ్వేవారు, వేరేవాళ్లను మాట్లాడుకుని పోయేవారు. కొన్ని పొద్దులు ఊరికే వెనక్కి వచ్చింది. అయినా మళ్లీ కూలీల వైపు మాత్రం నిలబడలేదు. హనుమాండ్లు ఎప్పుడైనా అటు వచ్చినప్పుడు పక్కన నిలబడి, "గీమె కట్టిన గోడ నేను సూసిన. నా మాట మీద తీస్కపోండ్రి" అని తెలిసినవాళ్లకు చెప్పేవాడు.

ఒకనాడు సుమిత్రమ్మ అనే టీచరమ్మ అడ్డాకు వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, కొత్త ఇంటికి ప్రహరీ కట్టించుకోవాలి. గుట్ట వారన ఇళ్ల సంగతి ఎక్కడో విని వెతుక్కుంటూ వచ్చింది.

"మీరేనా ఆండాలమ్మగారు? ఆడవాళ్లే ఇళ్లు కట్టుకున్నారట కదా."

"మేమే అమ్మా."

"ప్రహరీ కట్టాలండి. ఎంత తీసుకుంటారు?"

ఆండాలు మేస్త్రీ కూలి ఎంతో అంతే చెప్పింది. సుమిత్రమ్మ కాస్త సందేహించింది. "అంటే, మగవాళ్లకు ఇచ్చేదే చెబుతున్నారు. ఆడవాళ్లే కదా, కొంచెం తగ్గించుకోండి."

"గోడ జర తక్కువ నిలబడాల్నా అమ్మా?"

సుమిత్రమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆండాలు నవ్వడం లేదు, పోట్లాడటమూ లేదు, నిజంగానే అడుగుతున్నట్టు నిలబడి ఉంది. టీచరమ్మే నవ్వేసింది. "సరే, అంతే ఇస్తాను. ఎప్పుడొస్తారు?"

"ఇప్పుడే. సామాన్లు సంచిలనే ఉన్నయి. ఇటుకలు తడిపించిండ్రా?"

"ఇంకా లేదండి."

"గట్లయితే పొద్దుగాల ఒస్తం. రాత్రికి నీళ్లల్ల వేయించుండ్రి. తడపని ఇటుక నేను ముట్ట."

మర్నాడు పొద్దున్నే ఆండాలు, రాధమ్మ ఇద్దరూ పోయారు. పక్క వీధుల్లో ఇంకా పునాదులు తవ్వుతున్నారు, కంకర లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. మాలు అందించడానికి అడ్డా నుంచి ఒక కొత్త పిల్లను కూలికి తెచ్చుకున్నారు. మొదటి తట్ట దించిన ఆ పిల్ల పక్కకు తప్పుకోబోతుంటే ఆండాలు పిలిచింది.

"యాడికి పోతవ్? నిలవడు. సూసుకుంట ఉండు. తెల్వనిది అడుగు."